తక్కువ తూగిన ఎనభై

నాన్నను జిమ్ముకు తీసుకెళ్లాలన్న ఆలోచన నాది కాదు, ఆయనదే. ఎనిమిది నెలలుగా తెల్లవారగానే సంచీ తగిలించుకుని ఈ పిల్ల ఎక్కడికి పోతోందో, తిరిగొచ్చేటప్పుడు చెమటతో తడిసి ముద్దై ఎందుకొస్తోందో కళ్లారా చూడాలన్నాడు. ఆ బుధవారం ఆయనకు సెలవు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, పై అధికారిని కలవబోతున్నంత పద్ధతిగా నా వెంట నడిచాడు.

మా జిమ్ము ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సు. రేకుల కప్పు, గోడ పొడవునా అద్దాలు, నేలంతా నల్ల రబ్బరు. గుమ్మంలోనే చెప్పులు విప్పబోయిన నాన్నను వద్దని ఆపాను. లోపల పదిమంది దాకా ఉన్నారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, తనిఖీకి వచ్చినవాడిలా చూసుకుంటూ వెళ్లాడు. మేమంతా దూలం అని పిలిచే భారీ మనిషి బల్ల మీద వెల్లకిలా పడుకుని, వంద కిలోల కడ్డీని ఎనిమిదిసార్లు పైకి నెట్టి, కొక్కేల మీద దబ్బున పడేసి, లేచి కూర్చుని రొప్పుతున్నాడు. నాన్న ఆయన ముఖాన్నీ కడ్డీనీ మార్చి మార్చి చూసి నా దగ్గరికి వచ్చాడు.

"ఇవన్నీ ఎక్కడికి చేరుస్తారు చిన్నీ?"

"ఎక్కడికీ లేదు నాన్నా. ఎత్తి మళ్లీ అక్కడే పెడతారు."

"అక్కడేనా?"

"అక్కడే."

"మరి సరుకు ఎవరిది?"

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లుగా గూడ్స్ షెడ్డులో వ్యాగన్ల నుంచి సరుకు దించే పని చేస్తున్నాడు. ఆయన లోకంలో ఒక బరువు లేచిందంటే అది ఇంకోచోట దిగాలి, దాని కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. ఎత్తిన చోటే దింపి, నీళ్లు తాగి, మళ్లీ దాన్నే ఎత్తే మనుషుల్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

"సరుకు ఎవరిదీ కాదు. కండ కోసం ఎత్తుతారు," అన్నాను.

"ఓహో. నాకెవరూ చెప్పనే లేదు. ఇన్నేళ్లూ ఉత్తినే మోసుకుంటూ కూర్చున్నాను," అన్నాడు. దూలానికి కూడా నవ్వొచ్చింది.

నేను మాత్రం కండ కోసం రావడం లేదు, మోకాలి కోసం వస్తున్నాను. మాది ఉద్యోగినుల ఫుట్‌బాల్ లీగ్. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్లం ఎనిమిది జట్లుగా ఆదివారాలు ఆడుకుంటాం. నేను ఎడమ వైపు డిఫెండర్ని. పది నెలల క్రితం ఒక మ్యాచ్‌లో ఎడమ మోకాలి లిగమెంటు తెగింది, ఆపరేషన్ అయింది. ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియో సంతకం లేకుండా మైదానంలో కాలు పెట్టకూడదని లీగ్ నియమం. మా ఫిజియో మేడం పెట్టిన షరతు ఒకటే. లెగ్‌ప్రెస్ మిషన్ మీద వాలి కూర్చుని, ఎడమ కాలు ఒక్కదానితో, ఎనభై కిలోలు, ఆగకుండా పదిసార్లు నెట్టాలి. ఈలోగా మా జట్టు నేను లేకుండానే కిందామీదా పడి రెండో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. మొదటి ప్లేఆఫ్ పై వారం ఆదివారం.

సోమవారం పొద్దున ఫిజియో మేడం కళ్లముందే పదిసార్లు నెట్టాను. పదోసారి కాలు వణికింది కానీ ఆగలేదు. ఆవిడ అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టింది. ఆ కాగితం రెండు రోజులుగా నా సంచీలోనే ఉంది. బస్సులో కూర్చున్నప్పుడల్లా ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాను. ఆ గొప్పే నాన్నకు చూపించుకోవాలని ఆయన్ను లెగ్‌ప్రెస్ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇదిగో, ఈ బిళ్ల ఒక్కొక్కటీ ఇరవై కిలోలు. ఇలాంటివి నాలుగు ఈ నడిమి కడ్డీకి తొడిగి, ఒంటికాలితో నెట్టాను."

నాన్న వంగి ఒక బిళ్ల తీశాడు. చేతిలో ఒకసారి ఎగరేసినట్టు ఆడించాడు. ఆ తర్వాత ఎడమ భుజం మీద పెట్టుకుని రెండడుగులు వేశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది ఇరవై కాదు చిన్నీ."

"దాని మీదే రాసుంది నాన్నా. పోత పోసినప్పుడే అచ్చువేసిన అంకె."

"రాయడానికేం, ఎవరైనా రాస్తారు. మేకుల పెట్టె ఇరవై. రోజుకు రెండు వందల పెట్టెలు దించుతాను. ఇది మేకుల పెట్టంత లేదు." బిళ్లను కుడి భుజానికి మార్చాడు. "ఊహూఁ. పదిహేడుంటే గొప్ప."

నాకు ఒళ్లు మండింది. మండటానికి కారణముంది. నేను తూనికలు కొలతల లాబ్‌లో పనిచేస్తాను. ఊళ్లో కొట్లవాళ్ల తూకం రాళ్లు, కాటాలు మా బల్ల మీదికి వస్తాయి. సరిగ్గా ఉంటే ముద్ర వేస్తాను, లేకపోతే వెనక్కి పంపిస్తాను. ఏడేళ్లుగా అదే పని. జట్టులో అందరూ నన్ను కాటా అనే పిలుస్తారు. అలాంటి నేను ఎనిమిది నెలలుగా రోజూ చేత్తో పట్టుకుంటున్న ఇనుము మీది అంకెను ఒక్కసారీ అనుమానించలేదు. బయటివాళ్ల బరువులైతే ముందు తూచి, ఆ తర్వాతే నమ్ముతాను. నావి అయ్యేసరికి చదివి నమ్మేశాను.

అది అప్పుడే ఒప్పుకోలేదు. "మీ భుజానికి వయసొచ్చింది నాన్నా," అన్నాను.

"వయసొస్తే బరువు ఎక్కువ అనిపించాలి కానీ తక్కువ అనిపించదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా, బిళ్ల కింద పెడుతూ.

నేను వంగి ఆ బిళ్ల మీది అంకెను మళ్లీ చదివాను.

మర్నాడు జిమ్ము యజమాని మాస్టారును అడిగి ఆ బిళ్లను సంచీలో వేసుకుని లాబ్‌కు బయల్దేరాను. బస్సులో సంచీని సీటు కింద పెడుతుంటే కండక్టరు, "ఏంటమ్మా, తిరగలి గానీ తీసుకెళ్తున్నారా?" అన్నాడు. "అలాంటిదే," అన్నాను. దారి పొడవునా నాన్న మాట తప్పు కావాలని కోరుకున్నాను. ఆయన మాట తప్పు కావాలని నేను కోరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారేమో.

లాబ్‌లో మా పెద్దసారు బిళ్లను చూసి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"సొంత వస్తువులు ఆఫీసు కాటా మీద పెట్టకూడదు. తెలుసుగా?"

"తెలుసు సార్. అందుకే అడుగుతున్నాను."

"ప్రజలెవరైనా అర్జీ పెట్టుకుంటే తూచి ఇస్తాం. నువ్వూ ప్రజల్లో మనిషివే. అర్జీ పెట్టుకో."

అర్జీలు తీసుకునే బల్ల నాదే. ఇటు నిలబడి అర్జీ రాసి, అటు వెళ్లి కూర్చుని దాన్నే తీసుకుని, వరుస సంఖ్య వేసి, అందినట్టు ముద్ర కొట్టాను. పక్క బల్ల ఆవిడ నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేసింది. బయటి నుంచి వచ్చిన ఇనుమును వెంటనే తూచకూడదు. గది వేడికి అది అలవాటు పడాలి. రెండు గంటలు ఆగాలి. ఆ రెండు గంటలూ నేను కొట్లవాళ్ల రాళ్లు తూచాను. ఒక్కటి కూడా గుర్తులేదు.

పదహారు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

మూడుసార్లు తూచాను. మూడుసార్లూ అంతే. మా పద్ధతిలో అంకెను చూసినవాళ్లు పైకి చదవాలి, పక్కవాళ్లు రాసుకోవాలి. నేనూ అలాగే పైకి చదివాను.

మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. కాగితం సంచీలో ఉంది. దాని మీద సంతకం నిజమైనదే. పెట్టిన మనిషి మంచి మనిషే. ఈ సంగతి తెలిసింది నాకు, నాన్నకు, అర్జీల పుస్తకానికి. నేను నోరు విప్పకపోతే ఈ ఆదివారం కాక పై ఆదివారం తెల్లగీత దాటి మైదానంలోకి వెళ్లిపోతాను. మోకాలు నిలబడినా నిలబడొచ్చు. చాలామందికి నిలబడుతుంది. ఈ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి చెప్పుకునేలోపే ఫోన్ తీసి ఫిజియో మేడంకు చేశాను. ఇంకాస్త ఆలస్యమైతే చేయననే భయంతో.

"మేడం, సోమవారం నేను నెట్టింది ఎనభై కాదు."

"మరెంత?"

"ఒక బిళ్ల పదహారు ఎనిమిది వందలు. మిగతా మూడూ ఇంకా తూచలేదు. అన్నీ అలాగే ఉంటే డెబ్బై లోపే."

ఆవిడ వెనకాల ఎవరిదో మూలుగు, మంచం కిర్రు వినిపించాయి. "ఆ కాగితం చింపకు. నాకు తెచ్చివ్వు. నా సంతకం నేనే కొట్టేసుకుంటాను," అంది. కోపంగా అనలేదు.

కోపం చూపించింది మాస్టారు. సాయంత్రం బిళ్ల తిరిగివ్వడానికి వెళ్లి విషయం చెబితే, జిమ్ము అంతా వినేలా కేకలేశాడు. "ఏడేళ్లుగా నడుపుతున్నానమ్మా! ఒక్కరంటే ఒక్కరు తక్కువన్నారా? ఒకటి తూచి మొత్తానికి పేరు పెడతావా? అన్నీ తూచు!" మర్నాడు పొద్దున్నే నలభై రెండు బిళ్లలూ ట్రాలీ ఆటోలో వేసుకుని లాబ్ ముందు దిగాడు. అర్జీ ఈసారి ఆయనే రాశాడు.

మధ్యాహ్నానికి తేలింది. పెద్ద బిళ్లలన్నీ రెండున్నర నుంచి మూడు కిలోల పైదాకా తక్కువ. పదులన్నీ ఒక కిలో అటూ ఇటూగా తక్కువ. రెండున్నరలు మాత్రం వంద గ్రాములు ఎక్కువే తూగాయి. మాస్టారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నాడు. జిమ్ము తెరిచిన కొత్తలో పాత బిళ్లలు కొన్నాడట. రంధ్రాలు కొత్త కడ్డీలకు పట్టకపోతే లేతు మిషన్ మీద పెద్దవి చేయించాడు. పనిలో పనిగా వెనకవైపు తుప్పు పోయేదాకా చెక్కించాడు. చిన్న బిళ్లల్ని లేతు ఎక్కించలేదు, రంగు మాత్రం దట్టంగా పూయించాడు. అంకెలు ముందువైపు ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు.

"అమ్మా, అయితే నేను ఇంతవరకూ వంద కిలోలు ఎత్తనేలేదా?" అన్నాడు. జిమ్ము గోడ మీద, గెలిచిన కప్పుల మధ్య, ఆయన వంద కిలోలెత్తుతున్న ఫోటో ఒకటుంది.

"ఎనభై ఏడు దాకా ఎత్తారు మాస్టారూ."

"దూలానికి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

చెప్పాల్సిన అవసరం రాలేదు. సాయంత్రానికి మాస్టారే తెల్ల రంగు డబ్బా తెచ్చి, నేను చదువుతుంటే ఒక్కో బిళ్ల మీదా అసలు బరువు రాశాడు. దూలం వచ్చి, చదివి, వేళ్ల మీద ఏదో కూడి, కడ్డీకి ఇంకో రెండు బిళ్లలు తొడిగి పడుకున్నాడు.

ఇక మిగిలింది మా కెప్టెన్. ఆమె పోస్టాఫీసులో ఉత్తరాల విభజన చేస్తుంది. కాలేజీ రోజుల నుంచి ఆమె పేరు గంట. మైదానం ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర గోల్‌కీపర్ ఉలిక్కిపడుతుంది, అంత గొంతు. ఫోన్‌లో చెప్పాను. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకునే చెప్పాను.

"ఎవరడిగారే నిన్ను తూచమని?"

"నాన్న."

"ఆయన్ను జిమ్ముకు ఎవరు తీసుకెళ్లమన్నారు?"

"ఆయనే."

"మీ ఇంటిల్లిపాదికీ వేరే పని లేదా? నా ఎడమ వైపు ఎవరాడతారిప్పుడు? ఆ అకౌంట్స్ పిల్ల బంతి వస్తుంటే పక్కకు తప్పుకుని దారిస్తుంది, మర్యాదస్తురాలు!"

"వచ్చే వారం శనివారం దాకా టైముంది. అసలైన ఎనభై నెడతాను."

"నెట్టకపోతే?"

"నెడతాను," అన్నాను.

అసలైన ఎనభైని మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఆరు నెట్టాను. ఏడోదానికి కాలితో నెట్టే బల్ల సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. ఫిజియో మేడం కొత్త పట్టిక రాసిచ్చింది. రోజు విడిచి రోజు మాత్రమే మిషన్. మధ్య రోజు మెట్లు, గోడకు ఆనుకుని కూర్చోవడం, నీళ్లలో నడక. "నీలాంటివాళ్ల సంగతి నాకు తెలుసు. దొరికింది కదా అని రోజూ నెడతావు. నెట్టావంటే నా మొహం చూడకు," అంది. నిజమే, రోజూ నెట్టాలనిపించేది. సెలవు రోజున సంచీ వంక చూడకుండా ఇంట్లో తిరగడమే నాకు కష్టమైంది. మధ్యాహ్నాలు లాబ్ మెట్లు ఎడమ కాలితో ఒక్కొక్కటే ఎక్కేదాన్ని. పెద్దసారు పక్కనుంచి దిగుతూ, "దీనికి అర్జీ అక్కర్లేదులే," అనేవాడు.

మెట్లెక్కుతుంటే కాలేజీ గుర్తొచ్చేది. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటిదాన్ని నేనే. చేరేటప్పుడు ఫారంలో తండ్రి విద్యార్హత అన్నచోట ఏం రాయాలని అడిగితే, నాన్న కాసేపు ఆలోచించి, "గీత పెట్టెయ్ చిన్నీ. గీత అంటే ఏమీ లేదని వాళ్లకూ తెలుస్తుంది," అన్నాడు. హాస్టల్లో నీళ్లు కింది కుళాయిలోనే వచ్చేవి. రెండు బకెట్లతో మూడో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతున్న నన్ను మెట్ల మీద ఆపింది గంట.

"ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ ఆడతావా?"

"డిఫెన్స్ అంటే?"

"ఎవరొచ్చినా పోనివ్వకపోవడం."

"అది నాకొచ్చు," అన్నాను బకెట్లు దించకుండానే.

అలా మొదలైన ఆట ఆఖరి సంవత్సరంలో కాలేజీల ప్లేఆఫ్ దాకా వచ్చింది. మేం మొత్తం పన్నెండు మందిమే. ఆ మ్యాచ్‌కు ముందు రోజు నా కుడి చీలమండ బెణికింది. ఎవరికీ చెప్పలేదు. గట్టిగా గుడ్డ చుట్టుకుని, పైన రెండు సాక్సులు వేసుకుని, "కాలెలా ఉంది? వాచినట్టుందే?" అని గంట అడిగితే, "ఏమీ లేదు," అన్నాను. ఆట మొదలైన పదో నిమిషంలోనే మా ఫార్వర్డ్‌కు దెబ్బ తగిలి, ఉన్న ఒక్క అదనపు మనిషి లోపలికి వచ్చేసింది. పదిహేడో నిమిషంలో నేను కూలబడ్డాను. మిగతా ఆటంతా పదిమందే ఆడారు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. నా పట్టా కాగితాన్ని అమ్మ అద్దం కట్టించి గోడకు తగిలించింది. దాన్ని చూసినప్పుడల్లా చదువు కంటే ముందు నాకు ఆ పదిహేడో నిమిషమే గుర్తొస్తుంది.

శనివారం వచ్చింది. రేపే మొదటి ప్లేఆఫ్. ఫిజియో మేడం, గంట ఇద్దరూ వచ్చారు. బిళ్లల అసలు బరువులు కూడుకున్నాను: పదిహేడు కిలోల వంద, పదిహేడు నాలుగు వందలు, పదహారు ఎనిమిది వందలు, పదిహేడు రెండు వందలు, పది అని రాసున్న ఎనిమిది కిలోల తొమ్మిది వందలు, ఆ పైన రెండున్నర అని రాసున్న రెండు కిలోల ఆరు వందలు. సరిగ్గా ఎనభై. కడ్డీకి తొడిగి మొదలుపెట్టాను.

ఎనిమిది. తొమ్మిదోదానికి కాలు పైకి వెళ్లలేదు. ఎంత ప్రయత్నించినా వెళ్లలేదు.

ఫిజియో మేడం నా మోకాలు నొక్కి చూసి, "బాగా పెరిగింది. కానీ లేదు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. గంట నా పక్కన రబ్బరు నేల మీద చతికిలబడింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను చాలా అరుదుగా విన్నాను.

"ఎనిమిదంటే పది కిందే లెక్క. నేను మేడంతో మాట్లాడతా. సగం ఆట ఆడు చాలు."

"మా లాబ్‌లో ఎవరైనా ఈ మాటంటే కాటా లాక్కుంటాం."

"ఇది నీ లాబ్ కాదు తల్లీ. రేపు ప్లేఆఫ్."

"గంటా, కాలేజీ ఆఖరి మ్యాచ్ గుర్తుందా?"

"పదిహేడో నిమిషం. ఎందుకు గుర్తులేదు?"

"నా చీలమండ ఆ రోజు బెణకలేదు. ముందు రోజే బెణికింది. నీకు ఏమీ లేదని చెప్పాను."

పదేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట. అరుస్తుందనుకున్నాను. ఆమె బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"పొద్దున మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు. పైనుంచి చూశాను. గట్టిగా అడిగితే నిజం చెప్పేస్తావేమోనని ఒక్కసారి అడిగి ఊరుకున్నాను."

ఎదుటి అద్దంలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి జుట్లూ రేగిపోయి ఉన్నాయి. దూలం కడ్డీ కింద నుంచి ఒక్క మూలుగు మూలిగాడు.

"అయితే ఈసారి గట్టిగా అడుగు," అన్నాను.

గంట నా వైపు తిరిగింది. "ఎన్ని నెట్టావే?"

"ఎనిమిది."

"అయితే రేపు బెంచీ దగ్గర కూర్చుని నీళ్ల సీసాలు అందించు," అని లేచి, తన మామూలు గొంతుతో, "మేడం, ఇది రేపు ఆడట్లేదు!" అని జిమ్మంతా ఉలిక్కిపడేలా అరిచింది.

ఆదివారం ఓడిపోయాం. రెండు ఒకటి. రెండు గోల్సూ ఎడమ వైపు నుంచే వచ్చాయి. అకౌంట్స్ పిల్ల తప్పేమీ లేదు, ఊపిరి ఆగిపోయేదాకా పరిగెత్తింది. అవతలి పదకొండో నంబరు గాలిలా ఉంది. డ్రెస్సింగ్ రూములో ఒకామె మేజోళ్లు విసిరికొడుతూ, "కాటా నిజాయితీ మనందరి కొంప ముంచింది," అంది. ఆమె ఒళ్లంతా బురదే, నా బట్టలకు మాత్రం మరకైనా లేదు. అలాంటప్పుడు మాటకు మాట చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

అదృష్టం ఏమిటంటే, పట్టికలో మొదటి రెండు జట్లకు ఇంకో అవకాశం ఉంటుంది. రెండో ప్లేఆఫ్ పై ఆదివారం. మా మొదటి ప్లేఆఫ్‌కు ముందే మూడు, నాలుగు స్థానాల వాళ్లు ఆడుకుని ఒకరు మిగిలారు. వాళ్లతో ఆడాలి. గెలిస్తే ఫైనల్, ఓడితే ఇంటికే. ఆ జట్టులోనూ కుడి వైపు నుంచి దూసుకొచ్చే ఒక పిల్ల ఉంది. నర్సింగ్ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరింది. దాని నంబరు ఏడు. గంట నాకు దాని ఆట వీడియో పంపించి కింద ఒకే ఒక్క మాట రాసింది. "చూడు."

మంగళవారం, గురువారం నెట్టాను. మధ్య రోజులు నెట్టలేదు. ఎన్ని నెట్టానో ఎవరికీ చెప్పలేదు, నాన్నకు కూడా. తొమ్మిదో నెట్టు ఎలా ఉంటుందో గురువారం తెలిసింది. మోకాలికి నొప్పి ఉండదు. తొడ లోపల ఎవరో తడిబట్టను పిండుతున్నట్టు ఉంటుంది. కాలు ఆగిపోవాలని అడుగుతుంది. అడగనివ్వాలి, జవాబు చెప్పకూడదు.

శనివారం నాన్న మళ్లీ వస్తానన్నాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా లేదు, పనికి వేసుకునే చొక్కాతోనే వచ్చాడు. షెడ్డుకు వెళ్లేముందు అరగంట అడిగి తెచ్చుకున్నాడట. కడ్డీకి బిళ్లలు తొడగడం తన పని అన్నట్టు ఒక్కొక్కటీ భుజానికెత్తుకుని, ఒక్క క్షణం ఆగి, తెల్లరంగు అంకె చూసి, తలాడించి తొడిగాడు. మాస్టారు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"అన్నీ సరిపోయాయా బాబాయ్?"

"ఇప్పుడు సరిపోయాయి," అన్నాడు నాన్న.

మొదలుపెట్టాను. లెక్కపెట్టడం నాన్నే అందుకున్నాడు, షెడ్డులో మూటలు లెక్కపెట్టినట్టు.

"లాభం."

ఫిజియో మేడం కంగారుగా గంట వైపు చూసింది. "అది లెక్కలోకి వస్తుందా?"

"అది ఒకటి మేడం. ఆయన ఒకటిని అలాగే అంటారు."

"రెండు. మూడు. నాలుగు." నాన్న గొంతులో తొందర లేదు. మూట మోసేవాడు ఎంత వేగంగా నడిస్తే లెక్కపెట్టేవాడూ అంతే వేగంగా పిలవాలి. ముందు పిలిచినా తప్పే, వెనక పిలిచినా తప్పే. ఐదు. ఆరు. ఏడోదానికి గంట పళ్లు కొరకడం వినిపించింది. ఎనిమిది. తొమ్మిదోది మెల్లగా వెళ్లింది, కానీ వెళ్లింది. పదోదానికి బల్ల సగంలో నిలిచిపోయింది. వెనక్కి రాలేదు, ముందుకూ పోలేదు. కప్పు రేకులో ఒక మేకు చుట్టూ తుప్పు మరక కనిపించింది. దాన్నే చూశాను. కాలు ఆగమని అడిగింది. అడగనిచ్చాను. ఎంతసేపో తెలియదు. బల్ల కదిలింది. మోకాలు చాపుకున్నాకే నాన్న నోరు తెరిచాడు.

"పది."

ఆ తర్వాత వెంటనే గడియారం చూసుకుని, "నాకు వ్యాగన్ వచ్చుంటుంది," అని వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి చొక్కా చేతులు మడుచుకోవడం అద్దంలో కనిపించింది.

ఫిజియో మేడం కొత్త కాగితం తీసింది. సంతకానికి ముందు కలాన్ని నా వైపు చూపించింది. "అరవై నిమిషాలు. అరవై ఒకటో నిమిషానికి నువ్వు బయటికి రాకపోతే నేనే లోపలికొచ్చి జడ పట్టుకుని లాక్కొస్తాను."

ఆదివారం పొద్దున గడ్డి తడిగా ఉంది. గీతలు కొత్తగా వేశారు. నేను గీత దాటుతుంటే వారం కింద మేజోళ్లు విసిరికొట్టిన ఆమె నా వీపు మీద గట్టిగా చరిచింది. అది క్షమించానని అర్థమో, చూసుకో అని అర్థమో తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

ఏడో నంబరు పిల్ల ఎక్కువసేపు ఆగలేదు. నాలుగో నిమిషంలోనే బంతితో నా మీదికి వచ్చింది. లోపలికి తిరుగుతున్నట్టు భుజం వంచింది. వీడియోలో పదకొండుసార్లు చూశాను ఆ వంపుని. అది బయటికి వెళ్తుంది. నేను ఎడమ కాలు నేలకు దిగేసి, ఒంటి బరువంతా దాని మీద వేసి, తిరిగాను. వేశాక తెలిసింది వేసినట్టు. కాలు నిలబడింది. బంతి నా బూటు అంచుకు తగిలి గీత బయటికి దొర్లింది. ఆ పిల్ల నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, బంతి తెచ్చుకోవడానికి వెళ్లింది.

"కాటా! త్రో వస్తోంది! ఎక్కడ చూస్తున్నావే!" గంట అరిచింది.

గీత అవతల ఫిజియో మేడం చేతి గడియారం చూసుకుంటోంది. అరవైలో నాలుగు నిమిషాలయ్యాయి. మేజోడు పైకి లాక్కుని, ఏడో నంబరుకు అడుగు దూరంలో వెళ్లి నిలబడ్డాను.